నా పేరుతో నలుగురు

తెనాలిలో డిగ్రీ, విశాఖలో ఎమ్మెస్సీ చేసి 1983లో షికాగో చేరాను. మూడేళ్ళ తర్వాత ఊరి బయట ఒక కంపెనీలో ప్రోగ్రామరుగా కుదిరాను. మన వాళ్ళు అడిగితే కంప్యూటరు ఉద్యోగమని చెప్పేవాణ్ణి. నిజానికి మా కంపెనీ పని పేర్లు అమ్ముకోవడం. ఎవరు ఏ పత్రికకి చందా కట్టారు, ఎవరు కొత్తగా ఇల్లు కొన్నారు, ఎవరింట్లో బిడ్డ పుట్టింది లాంటివన్నీ పోగుచేసి, టేపుల మీద ఎక్కించి, ఉత్తరాలు పంపే వ్యాపారులకి అద్దెకిచ్చేవాళ్ళం.

1989లో ఒకరోజు మా మేనేజరు పిలిచాడు. ఇండియాకి ఎక్కువగా ఫోన్లు చేసుకునే కుటుంబాల చిరునామాలు ఎవరో అడిగారట. "నువ్వు ఆ దేశం వాడివే కదా, ఇంటిపేరు చూసి పోల్చగలవా?" అన్నాడు. నన్ను ప్రత్యేకంగా అడిగాడని పొంగిపోయాను. ఆ వారమంతా రాత్రుళ్ళు కూర్చుని 600 పేర్ల పట్టిక రాశాను. రెడ్డి, నాయుడు, పటేల్, అయ్యర్ లాంటివాటికి 'ఎ' గ్రేడు. రావు అంటే తెలుగు కావచ్చు, కన్నడం కావచ్చు, కొంకణీ కావచ్చు. అందుకని దానికి 'బి' ఇచ్చాను. నా పేరు చివరా రావే ఉంది. అప్పుడా సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. శనివారాలు లైబ్రరీలో కలిసే మా ముసలాళ్ళ బృందంలో ఎవరికి దొంగ ఫోను వచ్చినా, అర్థంకాని ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. దొంగకే దొంగదారి తెలుస్తుందన్న నమ్మకం కాబోలు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. వివరం ఇచ్చిన చోట ఉండదు

మా వ్యాపారంలో లిస్టుని ఒకసారి వాడుకోవడానికే అద్దెకిచ్చేవాళ్ళం. తీసుకున్నవాడు రెండోసారి వాడితే పట్టుకోవడం ఎలా? ప్రతి లిస్టులోనూ కొన్ని దొంగపేర్లు చల్లేవాళ్ళం. ఆ పేరున అనుకోని ఉత్తరం వచ్చిందంటే వాడు మాట తప్పినట్టే.

ఈ కిటుకు ఇంట్లో చెప్పగానే మా ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టింది. నా పేరు మధ్యలో అసలు అక్షరం 'వి'. ఆవిడ స్వెట్టర్ల కేటలాగుకి 'కె' అనీ, పత్రిక చందాకి 'జె' అనీ, తోట విత్తనాల కంపెనీకి 'డబ్ల్యూ' అనీ రాసేది. ఏ అక్షరం ఎవరికిచ్చిందో తేదీతో సహా నోటుబుక్కులో ఎక్కించేది. ఎనిమిది నెలలకి ఒక దంతవైద్య బీమావాడి దగ్గర్నుంచి 'డబ్ల్యూ' గారికి ఉత్తరం వచ్చింది. "వంకాయ విత్తనాలు కొన్నవాడికి పన్నునొప్పి వస్తుందని వాళ్ళకెలా తెలిసిందో!" అని రెండు రోజులు నవ్వింది.

నవ్వుకోలేని సంగతీ ఆ ఏడాదే జరిగింది. 1989లో లాస్ ఏంజెలెస్‌లో రెబెకా షేఫర్ అనే యువ నటిని ఒక ఉన్మాది ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఆమె చిరునామా వాడికి డిటెక్టివు ద్వారా చేరింది. ఆ డిటెక్టివుకి కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ రికార్డుల్లో దొరికింది. కారు నడపడానికి ఇచ్చిన చిరునామా అది. డ్రైవర్ల వివరాలు అలా బయటికివ్వకూడదని 1994లో కేంద్ర చట్టం వచ్చింది. మనం ఏ పనికోసం ఇచ్చామో అన్నది మనకే గుర్తుంటుంది, లిస్టుకి గుర్తుండదు.

2. చట్టం రావాలంటే ఎవడో ఒకడు మొండికెయ్యాలి

2001లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి మారాం. అక్కడి ఓటర్లు 1972లోనే తమ రాష్ట్ర రాజ్యాంగంలో మొట్టమొదటి సెక్షనులో ప్రైవసీ అనే హక్కు చేర్చుకున్నారు. మాటైతే చేరింది గానీ, కంపెనీ దగ్గరికి వెళ్ళి "నా గురించి ఏం దాచావో చూపించు" అని అడిగే దారి మామూలు మనిషికి 46 ఏళ్ళు దొరకలేదు.

ఆ దారి వేసినవాడు వకీలూ కాదు, నాయకుడూ కాదు. అలస్టెయిర్ మాక్‌టాగర్ట్ అనే ఇళ్ళ వ్యాపారి. ఒక విందులో గూగుల్ ఇంజనీరుతో మాట్లాడుతుంటే, కంపెనీలకి మన గురించి ఎంత తెలుసో తెలిస్తే జనం బెంబేలెత్తిపోతారని ఆయన అన్నాడట. అంతే, ఈయనకి నిద్రపట్టలేదు. సొంత డబ్బు పెట్టి, చట్టాన్ని నేరుగా ప్రజల ఓటుకి పెట్టమంటూ 6 లక్షలకి పైగా సంతకాలు పోగుచేశాడు. మా ఇంటి దగ్గర సరుకుల కొట్టు బయట నేనూ సంతకం పెట్టాను. పక్కన మా ఆవిడ. "ఇక్కడ మాత్రం 'వి' అనే రాయండి. ఓటర్ల లిస్టుతో కలవకపోతే కొట్టేస్తారు" అని హెచ్చరించింది.

ప్రజలు ఓటేసి చేసుకున్న చట్టాన్ని తర్వాత శాసనసభ మార్చడం కష్టం. కంపెనీల భయం అదీ. అందుకని బేరం కుదిరింది. సభ చట్టం చేస్తే ఈయన తన ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాడు. దానికి గడువు 2018 జూన్ 28. ఆ రోజే రెండు సభలూ ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా బిల్లు గట్టెక్కించాయి. ఆ రోజే గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టాడు. 2020 జనవరి 1 నుంచి అమలు. అయినా మాక్‌టాగర్ట్ ఊరుకోలేదు. 2020 నవంబరులో ప్రొపొజిషన్ 24 పేరుతో మళ్ళీ ఓటుకి వెళ్ళి చట్టాన్ని బిగించాడు. ప్రైవసీ ఒక్కటే పనిగా పెట్టుకున్న ప్రభుత్వ ఏజెన్సీ ఈ దేశంలో మొదటిసారి దానివల్లే ఏర్పడింది.

మా ఆవిడ ఆ చట్టం అమలు చూడలేదు. 2018 చలికాలంలోనే వెళ్ళిపోయింది.

3. రాష్ట్రం గీత దాటితే హక్కూ మారుతుంది

మన దేశంలో పార్లమెంటు 2023లో చేసిన డేటా రక్షణ చట్టం తెనాలికీ దిల్లీకీ ఒకటే. అమెరికాలో అలాంటి సమగ్రమైన కేంద్ర చట్టం ఇప్పటికీ లేదు. 2022లో ఒక బిల్లు ప్రతినిధుల సభ కమిటీలో 53-2తో గెలిచి కూడా సభ ముందుకి రాకుండానే ఆగిపోయింది. రాష్ట్రాల చట్టాలని కొట్టేస్తుందా లేదా అన్నదే పెద్ద తగాదా. తమ చట్టం బలహీనపడుతుందని కాలిఫోర్నియా అడ్డం పడింది.

దాంతో ఎవరి పొయ్యి వాళ్ళే వెలిగించుకున్నారు. 2021లో వర్జీనియా, ఆ తర్వాత కొలరాడో, ఇలా దాదాపు 20 రాష్ట్రాలయ్యాయి. మేరీలాండ్ 2025 అక్టోబరు నుంచి సున్నితమైన వివరాలు అమ్మడాన్నే నిషేధించింది. టెక్సస్ చట్టం 2024 జులై 1న మొదలైంది. కంపెనీ ఆదాయం ఇంత ఉండాలన్న లెక్క దానిలో లేదు. చిన్న వ్యాపారాలకి మినహాయింపు ఉంది గానీ, వాళ్ళు కూడా సున్నితమైన వివరాలు మన అనుమతి లేకుండా అమ్మకూడదు. వీసా మీద ఉన్న పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే. టెక్సస్‌లోనూ, వర్జీనియాలోనూ, కాలిఫోర్నియాలోనూ పౌరసత్వం, వలస స్థితి ఆ సున్నితమైన వివరాల కిందకే వస్తాయి.

ఉద్యోగులుగా ఇచ్చిన వివరాల మీద హక్కులు మాత్రం కాలిఫోర్నియాలో ఉన్నాయి, టెక్సస్ చట్టంలో లేవు. ఇల్లు మారేటప్పుడు స్కూళ్ళూ పన్నులూ చూసుకుంటాం. ఇదీ చూసుకోండి.

4. అడగనిదే అమ్మైనా పెట్టదు

ఈ చట్టాలన్నిటిలో ప్రాణం ఉన్న మాట ఒకటే, అడగడం. నా గురించి ఏముందో చూపించు, తప్పుంటే దిద్దు, తీసెయ్, అమ్మకు. అడిగితే చాలా రాష్ట్రాల్లో 45 రోజుల్లో జవాబివ్వాలి. అవసరమైతే ఇంకో 45 రోజులు గడువు తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో ఏడాదికి రెండుసార్లు ఉచితం. టెక్సస్‌లో కాదన్నారనుకోండి, కంపెనీలోనే అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే అటార్నీ జనరల్‌కి ఫిర్యాదు.

చాలామంది తడబడే చోటు ఒకటుంది. మీ వివరాలు చూపించమన్నా, తీసెయ్యమన్నా మీరు మీరేనని రుజువు అడగడం న్యాయమే. లేకపోతే మీ పేరు చెప్పి ఎవడో అడుగుతాడు. అమ్మొద్దు అని చెప్పడానికి మాత్రం కాలిఫోర్నియాలో రుజువు అక్కర్లేదు. 2025 మార్చిలో అక్కడి ఏజెన్సీ హోండా మీద 6,32,500 డాలర్ల జరిమానా వేసింది. వద్దన్నవాళ్ళ దగ్గర కూడా అవసరానికి మించి వివరాలు అడిగారన్నది అభియోగాల్లో ఒకటి. ఇల్లు వదిలి వెళ్తానన్నవాణ్ణి ఆధార్ కార్డు చూపించమన్నట్టు!

మా బృందంలో ఒక అక్కయ్యగారు లైసెన్సు ఫోటో, సోషల్ సెక్యూరిటీ నంబరు పంపమన్న ఫారం తెచ్చి చూపించారు. "వద్దని చెప్పడానికి ఇన్నెందుకమ్మా, చెత్తబుట్టలో పడెయ్యండి" అన్నాను. తర్వాత ఆ కంపెనీ సైటులోనే అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న లింకు వెతికి ఇచ్చాను. అలాంటి లింకులు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. మేమూ అలాగే పెట్టేవాళ్ళం.

5. ఊరంతా తిరిగే బదులు గుమ్మానికి బోర్డు

సైటు సైటుకీ వెళ్ళి అమ్మొద్దని చెప్పడం ఏ మనిషివల్లా కాదు. దానికి గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అని ఒక మీట ఉంది. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ లాంటి బ్రౌజర్లలో దొరుకుతుంది. ఒకసారి నొక్కితే, మీరు తెరిచే ప్రతి సైటుకీ "నా వివరాలు అమ్మకండి" అని బ్రౌజరే చెబుతుంది. కాలిఫోర్నియా, కొలరాడో, 2025 జనవరి నుంచి టెక్సస్ దాన్ని మన్నించాలంటున్నాయి. దాన్ని లెక్కచెయ్యలేదన్న కారణం కూడా చూపించి 2022 ఆగస్టులో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ సెఫోరాతో 12 లక్షల డాలర్లు కట్టించాడు. ఆ చట్టం కింద బయటికొచ్చిన మొదటి జరిమానా అది.

ఇది చదివాక ఇంకేమీ చెయ్యకపోయినా, ఈ ఒక్క మీటా నొక్కండి. మీ అబ్బాయినో మనవరాలినో అడిగితే రెండు నిమిషాల పని.

6. వేలిముద్ర మార్చుకోలేం

పాస్‌వర్డు పోతే ఇంకోటి పెట్టుకుంటాం. వేలు పోతే? ఇలినాయ్ రాష్ట్రం 2008లోనే ఈ ప్రశ్న వేసుకుంది. వేలిముద్రతో డబ్బు కట్టించుకునే ఒక కంపెనీ దివాలా తీసింది. అప్పులవాళ్ళు దాని ఆస్తులు పంచుకుంటుంటే, జనం వేలిముద్రలూ ఆస్తి కిందకే వస్తాయా అని గగ్గోలు పుట్టింది. వచ్చిన చట్టం ప్రకారం వేలిముద్ర, ముఖం కొలతలు తీసుకోవాలంటే ముందు రాతపూర్వకంగా చెప్పాలి, అనుమతి తీసుకోవాలి. తప్పితే అజాగ్రత్తకి 1,000 డాలర్లు, తెలిసి చేస్తే 5,000. మామూలు మనిషే నేరుగా కోర్టుకెళ్ళొచ్చు. నష్టం జరిగిందని నిరూపించనక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.

షికాగో రోజుల మిత్రుడొకడికి నాలుగు పెట్రోలు బంకులుండేవి. పనివాళ్ళు వచ్చీపోయే వేళలు నమోదు చెయ్యడానికి వేలు పెట్టే మెషీను కొన్నాడు. అనుమతి కాగితం సంగతి అమ్మినవాడూ చెప్పలేదు, వీడూ అడగలేదు. మానేసిన కుర్రాడొకడు కేసు వేశాడు. "ఏం దొంగిలించాన్రా నేను?" అని నాకు ఫోను చేసి వాపోయాడు. దొంగిలించలేదు, అడగలేదంతే. చివరికి బేరమాడి సర్దుకున్నాడు. ఇచ్చేవాళ్ళే కాదు, పుచ్చుకునేవాళ్ళూ మనలో ఉన్నారు.

టెక్సస్‌లోనూ వేలిముద్రల చట్టం ఉంది గానీ, దాని కింద కేసు వేసే హక్కు అటార్నీ జనరల్ ఒక్కడిదే. ఆయన వేస్తే చిన్నగా ఉండదు. ముఖాల గుర్తింపు మీద 2024లో మెటా 140 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది.

7. గుడికీ సంఘానికీ కూడా తాళం వెయ్యాలి

ఒక మాట చెబితే మన వాళ్ళకి కోపం వస్తుంది. అయినా చెబుతాను. నా పట్టిక రాయడానికి 600 ఇంటిపేర్లు ఎక్కడ దొరికాయనుకున్నారు? సగం నాకు గుర్తున్నవి, సగం మా గుడి చందాదారుల పుస్తకంలోవి. ఉగాది వంటల దగ్గర బల్ల మీద తెరిచి పెట్టుంటే చూసి రాసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. వద్దనాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇవాళ అర్చన ఫారంలో గోత్రం, నక్షత్రం, పిల్లల పేర్లు, పుట్టినరోజులు, ఫోను నంబరు అన్నీ రాస్తాం. మతం, వంశం, వయసు, చిరునామా ఒకే కాగితం మీద దొరికే చోటు ఇంకెక్కడా లేదు. టెక్సస్ చట్టం లాభాపేక్ష లేని సంస్థల జోలికి పోదు. కొలరాడోలో ఆ మినహాయింపు లేదు. కానీ దీనికి చట్టం దాకా ఎందుకు? నాకు తెలిసిన ఒక సంఘం సభ్యుల లిస్టు ఇళ్ళ ఏజెంటు చేతికి వాట్సాప్‌లో చేరింది. ఎన్నికలొస్తే అదే లిస్టు ఇంకో చేతికి చేరుతుంది. మీరు కమిటీలో ఉంటే మూడు పనులు చెయ్యండి. అక్కర్లేని గడి ఫారంలోంచి కొట్టెయ్యండి. లిస్టు ఒకరిద్దరి దగ్గరే ఉంచండి. పదవి దిగినవాడి దగ్గర్నుంచి మర్యాదగా వెనక్కి తీసుకోండి.

8. చట్టం చేరని చోట్లు కూడా తెలియాలి

ఈ చట్టాలకి బయట పెద్ద లోకమే ఉంది. బ్యాంకు, ఆస్పత్రి వివరాలకి వేరే కేంద్ర చట్టాలున్నాయి కాబట్టి రాష్ట్ర చట్టాలు చాలావరకు పక్కకి తప్పుకుంటాయి. ప్రభుత్వ రికార్డుల్లో అందరికీ కనబడేది ప్రైవసీ కిందకి రాదు. టెక్సస్‌లో ఇల్లు కొన్నవాళ్ళ పేరు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో ఎవరైనా చూడొచ్చు. ఇల్లు కొన్న వారానికే ఉత్తరాలు కుప్పలుగా వస్తే ఎవరో అమ్మేశారని తిట్టుకోకండి, అది తెరిచిన పుస్తకం.

అలాంటి చోట మన చేతిలో ఉన్న తాళం వేరు. 2018 సెప్టెంబరు నుంచి దేశమంతా క్రెడిట్ ఫ్రీజ్ ఉచితం. మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ వేసుకుంటే మీ పేరున ఎవడో కొత్త అప్పు తియ్యడం కష్టమవుతుంది. అప్పు అవసరమైన రోజు ఆ తాళం మీరే తీసుకోవచ్చు. మా వయసువాళ్ళలో ఇది లేనివాళ్ళని చూస్తే నాకు తలుపు వెయ్యకుండా పడుకున్నట్టుంటుంది.

9. మన గురించి ఊహించుకున్నదీ మన వివరమే

ఫ్రీమాంట్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో, 2021లో, వివరాలమ్మే ఒక కంపెనీకి నా గురించి ఉన్నదంతా చూపించమని రాశాను. పేరు, చిరునామాలు, ఫోన్లు ఒక పేజీ పంపారు. ఇంతేనా? ఇంతేకాదని నాకు తెలుసు. అసలు సరుకు చిరునామా కాదు, దాని పక్కన అంచనా వేసి రాసుకునే గడులు.

2022 మార్చిలో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఒక అభిప్రాయం ఇచ్చాడు. ఒక మనిషి గురించి కంపెనీ తనంతట తాను తేల్చుకున్న అంచనాలు కూడా ఆ మనిషి వివరాలే, అడిగితే చూపించాలి. ఎలా తేల్చారన్న వ్యాపార రహస్యం మాత్రం చెప్పక్కర్లేదు. ఆ కాగితం తేదీ రాసి మళ్ళీ అడిగాను. ఈసారి 11 పేజీలు వచ్చాయి.

అందులో మా ఇంట్లో నా పేరుతో నలుగురు మగవాళ్ళున్నారు. వి, కె, జె, డబ్ల్యూ. 'కె' గారికి ఉన్ని బట్టలంటే ఇష్టం. 'డబ్ల్యూ' గారికి తోటపని. నలుగురికీ పెళ్ళయింది. నలుగురి పక్కనా జాతి అన్న గడిలో ఒకే మాట: ఇండియన్, బి.

బి!

ఎలా తేల్చారో నాకు చెప్పనక్కర్లేదని చట్టం. ఎవరూ చెప్పక్కర్లేదు కూడా. 1989లో షికాగో చలిలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ గ్రేడు వేసింది నేనే. నా పట్టిక ఎన్ని కంపెనీలు మారిందో, ఏ కంపెనీ ఎవరిని కొన్నదో తెలియదు గానీ, 33 ఏళ్ళ తర్వాత నా గుమ్మానికే వచ్చింది.

తీసెయ్యమని రాశాను. కుదరదన్నారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మన దగ్గర్నుంచి నేరుగా తీసుకున్నదే తీసెయ్యాలి, వాళ్ళు నావి ఇంకెక్కడో కొనుక్కున్నారు. ఆ కంత పూడ్చడానికే అక్కడ 2023లో డిలీట్ యాక్ట్ చేశారు. ఒకే చోట అడిగితే నమోదైన డేటా బ్రోకర్లందరికీ చేరే ఏర్పాటు 2026 జనవరిలో తెరిచారు. ఈలోగా నేను గీత దాటి టెక్సస్ వచ్చేశాను.

టెక్సస్ చట్టంలో ఒక మాట నాకు కలిసొచ్చింది. మీరిచ్చినవే కాదు, మీ గురించి సంపాదించినవీ తీసెయ్యమని అడగొచ్చు. 2024 జులైలో మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. ఏ ఏ పేర్లతో ఉన్నారో ఫారంలో రాయమన్నారు. మా ఆవిడ నోటుబుక్కు పక్కన పెట్టుకుని నింపాను. ఒక్కో అక్షరం ఎదురుగా ఆవిడ గుండ్రటి రాతలో కొట్టు పేరు, తేదీ. 'డబ్ల్యూ' దగ్గర చిన్న వంకాయ బొమ్మ.

39వ రోజున జవాబు వచ్చింది. నలుగురినీ తీసేశారట. మా వివరాలు మళ్ళీ ఎవరి దగ్గర్నుంచైనా వస్తే చేరకుండా ఆపడానికి పేరూ చిరునామా మాత్రం వేరే లిస్టులో ఉంచుకుంటారట. చట్టం ఒప్పుకునే పద్ధతే అది. వద్దన్నవాళ్ళెవరో తెలియకపోతే ఆపడమెలా?

మా రోజుల్లోనూ ఆ లిస్టు ఉండేది. వద్దన్నవాళ్ళ టేపు అనేవాళ్ళం. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చారు. మా కంపెనీ ఎవరికీ అద్దెకివ్వని లిస్టు అదొక్కటే. ఇప్పుడు అందులో నేనున్నాను, నాలుగు వరసల్లో.